గట్టు మీది ప్రశ్న

"ఈ అంశంపై ఇంతవరకు సమగ్రమైన పరిశోధన జరగలేదు." పరిశోధన ప్రతిపాదన రాసిన వాళ్ళందరికీ ఈ వాక్యం కంఠతా వచ్చి ఉంటుంది. మా విభాగంలో ప్రతిపాదనను సినాప్సిస్ అనేవాళ్ళం. ఎవరి సినాప్సిస్ తిరగేసినా రెండో పేజీలోనో మూడో పేజీలోనో ఈ వాక్యం ఎదురయ్యేది. నేనూ రాశాను. గ్రంథాలయంలో వెతికినంత మేరకు అది నిజమే. కానీ ఆ వాక్యం ఎవరెవరిని లెక్కలోంచి తీసేస్తుందో అర్థం కావడానికి నాకు పిహెచ్.డి. పూర్తయ్యేంత కాలం పట్టింది.

పరిశోధన ఫలితాల గురించి మనం చాలా చర్చించుకుంటాం. ఫలానా సిద్ధాంత గ్రంథంలో స్త్రీవాద దృక్పథం ఉందా, ఫలానా సాహిత్య చరిత్రలో రచయిత్రులకు చోటు దొరికిందా అని తరచి చూస్తాం. అసలు పరిశోధన మొదలయ్యే చోటు గురించి, ఎం.ఏ. చదివే అమ్మాయి హాస్టల్ గదిలో కూర్చుని ఎనిమిది పేజీల ప్రతిపాదన రాసుకునే చోటు గురించి మాట్లాడుకోవడం తక్కువ. ప్రశ్న తయారయ్యేది అక్కడే. ఆ ప్రశ్న ఎవరిది, ఎవరిని అడుగుతున్నాం, చెప్పననే హక్కు వాళ్ళకు ఉందా అన్నవాటిని పరిశోధన పద్ధతికి సంబంధించిన విషయాలుగానే మనకు నేర్పారు. అవి నీతికి సంబంధించిన విషయాలని నేను ఒక పాట వల్ల తెలుసుకున్నాను. ఆ పాట ఈ వ్యాసంలో ఉండదు.

*

2013లో ఎం.ఏ. రెండో సంవత్సరంలో ఉండగా నాటు పాటల మీద పరిశోధన చేయాలనుకున్నాను. మాది తెలంగాణలో ఒక పల్లె. చెరువు కింద మాకు నాలుగెకరాల పొలం. నాట్లప్పుడు ఇరవై మంది దాకా ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. వాళ్ళకు చాయ గిన్నె, గ్లాసులు తీసుకుని అమ్మ వెంట నేనూ వెళ్ళేదాన్ని. బురదలో వరుసగా వంగి, వెనక్కి నడుస్తూ నారు పెడుతూ వాళ్ళు పాడుతుంటే గట్టు మీద కూర్చుని వినేదాన్ని. ప్రతిపాదనకు ముందుమాటగా ఈ జ్ఞాపకాన్ని రాసుకున్నాను. మా మేడం చదివి, "బాగుంది, ఊరి పిల్లవి కాబట్టి నీకు సమాచారం సులభంగా దొరుకుతుంది" అన్నారు. ఆ మాట నాకు అప్పుడు మెచ్చుకోలుగానే వినిపించింది. ఎందుకు సులభంగా దొరుకుతుందని నన్ను నేను అడగలేదు.

దసరా సెలవుల్లో ఊరికి వెళ్ళి, నాటు పాటలు బాగా పాడుతుందని పేరున్న ఒక పెద్దావిడ ఇంటికి పోయాను. వయసులో మా నాయనమ్మ ఈడుది. అయినా మా ఇంట్లో పసిపిల్లలు కూడా ఆమెను పేరు పెట్టే పిలిచేవాళ్ళు. నేనూ అంతే. ఆ రోజు మాత్రం వాకిట్లో నిలబడి "అవ్వా" అని పిలిచాను. ఆమె చేతిలో పని ఆపి నా వంక చూసి నవ్వింది. "అవ్వా అంటున్నవు, ఏం పనివడ్డది బిడ్డా?" అంది. నేనూ నవ్వేశాను. ఆ రాత్రి ఆరు పాటలు సెల్‌ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను.

అందులో ఒకటి ఒక కోడలి చావు గురించిన పాట. ఊరేదో, ఏడాదేదో, ఆమె ఎట్లా చనిపోయిందో ఇక్కడ చెప్పను. పాటలో ఇంటిపేరుంది. వినగానే నాకు ఒళ్ళు జలదరించింది. ఆ వెంటనే ఇంకో ఆలోచన కూడా వచ్చిందని ఒప్పుకోవాలి. నా ప్రతిపాదన నిలబడిపోయిందనుకున్నాను. పితృస్వామ్యం మీద శ్రామిక స్త్రీల ధిక్కారం అని నేను ముందే రాసిపెట్టుకున్న పరికల్పనకు ఇంతకంటే గొప్ప సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది?

సినాప్సిస్‌లో ఆ పాటను పూర్తిగా ఎత్తిరాసి రెండు పేజీల విశ్లేషణ చేశాను. ఇంటర్వ్యూలో కమిటీ సభ్యులు దాన్నే ప్రత్యేకంగా ప్రస్తావించారు. ఒకాయన "ఇది పాట కాదమ్మా, వాంగ్మూలం" అన్నారు. సీటు వచ్చింది.

*

ప్రతిపాదన ఎంత విచిత్రమైన రచనో దాని చట్రం చూస్తే తెలుస్తుంది. అంశం, ఉద్దేశాలు, పరికల్పన, పూర్వ పరిశోధనల సమీక్ష, పరిధి, పద్ధతి, అధ్యాయ విభజన, కాలప్రణాళిక. ఇంకా ఎవరినీ కలవకముందే ఐదో అధ్యాయంలో ఏం తేలుస్తామో రాయాలి. అడగబోయే ప్రశ్నకు జవాబు మన దగ్గర ముందే ఉన్నట్టు నమ్మకంగా కనపడాలి. ఆడపిల్లలకు ఇది ఇంకా ఎక్కువ. తటపటాయిస్తూ మాట్లాడితే "విషయం మీద పట్టు లేదు" అంటారు. అందుకని తెలియనిదాన్ని కూడా తెలిసినట్టు రాయడం అలవాటు చేసుకుంటాం. నేను రాసిన పరికల్పనలో మొదటిది, నాటు పాటలు శ్రమను మరిపించడానికి పుట్టాయని. ఇది నేను కనిపెట్టింది కాదు. పాఠ్యపుస్తకాల్లో చదివి, పరీక్షల్లో రాసి, మార్కులు తెచ్చుకున్న మాట.

కాలప్రణాళికలో "క్షేత్ర పర్యటన: మార్చి నుంచి మే వరకు" అని రాశాను. ఎండాకాలంలో సెలవులుంటాయి కాబట్టి. కమిటీలో అయిదుగురున్నారు, ఒక్కరికీ అనుమానం రాలేదు. మే నెలలో నోట్‌బుక్కు పట్టుకుని ఊరికి పోతే అవ్వ పడీపడీ నవ్వింది. "ఎండకాలంల నాట్లేడియి బిడ్డా? మడి నెర్రెలు వట్టింది జూడు" అంది. వానకాలం నాట్లు జూలై, ఆగస్టుల్లో. యాసంగి నాట్లు డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా. ఆ పొలం అన్నం తిని పెరిగిన నేను, యూనివర్సిటీ క్యాలెండరు చూసి నాట్ల తేదీలు నిర్ణయించాను.

జూలైలో మళ్ళీ వెళ్ళాను. ఈసారి నాట్లు జరుగుతున్నాయి గానీ పాటలు లేవు. ఎవరో ఇద్దరు చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నారు. మిగిలినవాళ్ళు మాట్లాడకుండా పరుగు మీద నాటుతున్నారు. సినిమాలు, టీవీలు, సెల్‌ఫోన్లు వచ్చి పాటలు పోయాయని నా పుస్తకంలో అప్పటికే రాసుకున్నాను. సాయంత్రం అవ్వను అడిగితే ఆమె చెప్పిన కారణం వేరు. "కైకిలికి వోతె పొద్దు వోవాలె. గందుకు పాట. గిప్పుడు గుత్తకు వడ్తున్నం, ఎకరానికింత అని. గుత్తకైతె పని ఒడువాలె. పాట పాడుకుంట ఉంటె ఎన్కవడ్తం గదా."

రోజు కూలి ఉన్నప్పుడు పొద్దు గడవాలి, గుత్త పని వచ్చాక పని అయిపోవాలి. పాట ఉండడమూ పోవడమూ కూలి పద్ధతితో ముడిపడి ఉందని ఆమె ఒక్క ముక్కలో చెప్పింది. శ్రమను మరిపించడం గురించి అడిగితే, "కష్టమెట్ల మర్శిపోతరు? నడుం మర్వనిస్తదా?" అంది. పాట మునుం సాగే వేగాన్ని నియమిస్తుందట. పనిలో కొత్తగా చేరిన పిల్లలు, వయసు మళ్ళినవాళ్ళు వెనకబడిపోకుండా అందరినీ ఒక్క వరుసలో ఉంచుతుందట. ఆసామి తొందరపెడితే ఆయనకు వినపడేట్టు ఒక చరణం కట్టడానికి కూడా పనికొస్తుందట. "మీ తాత మీద గుడ కట్టినం" అని నవ్వింది. ఆ చరణం మాత్రం ఎంత అడిగినా చెప్పలేదు.

*

ఆ రోజే ఆమె, "ఇంతకు నువ్వేం రాసినవో సదువు" అంది. కమిటీ ముందు చదివినదాన్ని ఆమె ముందు చదవడానికి కొంచెం సిగ్గేసింది. "ధిక్కార స్వరం", "అస్తిత్వ చైతన్యం" లాంటి మాటల దగ్గర నెమ్మదించి నాకు తోచినట్టు విప్పి చెప్పాను. ఆమె ఊ కొడుతూ విన్నది. కోడలి పాట దగ్గరికొచ్చేసరికి ఊ కొట్టడం ఆపింది.

"గది గుడ రాసినవా?"

చనిపోయినామె కూతురు ఆ ఊళ్ళోనే ఉందని అప్పుడు చెప్పింది. ఆ అమ్మాయి కూడా నాట్లకు ఇదే మునుంలో వస్తుందట. "ఆ పిల్ల మునుంల ఉంటె మేమెన్నడు ఆ పాట ఎత్తం" అంది. ఆమె లేని రోజున, తెలిసినవాళ్ళే ఉన్నప్పుడు, కొత్త కోడళ్ళెవరైనా ఆ ఇంటి గురించి తెలుసుకోవలసి ఉన్నప్పుడు పాడతారు. ఆ ఇంటికి పిల్లనివ్వబోయేవాళ్ళ చెవిన పడేట్టు ఒకసారి పాడారట. ఎవరి ముందు పాడాలి, ఎవరి ముందు పాడకూడదు, ఎందుకు పాడాలి అన్నదానికి మునుంలో ఒక కట్టుబాటు ఉంది. నేను ధిక్కారమని పేరు పెట్టినదాంట్లో ధిక్కారంతో పాటు ఇంత జాగ్రత్త, ఇంత బాధ్యత ఉన్నాయి. నా రెండు పేజీల విశ్లేషణలో వాటి ఊసే లేదు.

"మరి నాకెందుకు పాడినవ్వా?" అని అడిగాను.

"మీరడిగితె కాదనొస్తదా?" అంది.

ఆమె నన్నెప్పుడూ నువ్వనే అంటుంది. ఈ "మీరు" నా ఒక్కదాన్ని ఉద్దేశించింది కాదు. మా ఇంటిని. నాలుగెకరాలను. చిన్నప్పుడు నేను కూర్చున్న గట్టును. సమాచారం సులభంగా దొరకడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. ఆమె నన్ను నమ్మి పాడిందని నేను అనుకున్నాను. నిజానికి ఆమె నాకు వద్దని చెప్పగలిగే చోట లేదు.

నా ఉపయుక్త గ్రంథసూచిలో గాయత్రి చక్రవర్తి స్పివాక్ 1988 వ్యాసం ఉంది. అట్టడుగున ఉన్నవారు మాట్లాడగలరా అని అడిగిన వ్యాసం. సూచిలో చేర్చడం సులువు. ఆ ప్రశ్నను నా ముందు కూర్చున్న మనిషికీ నాకూ మధ్య పెట్టి చూసుకోవాలని నాకు తోచలేదు.

*

ఇక్కడ మొదటి వాక్యం దగ్గరికి మళ్ళీ రావాలి. ప్రతిపాదన మనల్ని ముందుగా ఒక ఖాళీ చూపించమంటుంది. ఎవరూ అడుగుపెట్టని జాగా చూపిస్తే ప్రవేశం దొరుకుతుంది. పోడు కొట్టుకునేవాళ్ళున్న అడవిని ఖాళీ భూమని కాగితం మీద రాసుకోవడం మన పాలకులకు తెలిసిన విద్యే. మనం కూడా అదే భాష వాడుతున్నామా? నాటు పాటల గురించి "పరిశోధన జరగలేదు" అన్నప్పుడు, పాట ఎందుకు పోయిందో ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చిన మనిషి ఎదురుగా ఉండగానే, ఆ ఆలోచనకు లెక్క లేదని నేను రాతపూర్వకంగా ప్రకటించాను.

వేరే దారి ఉందని చూపినవాళ్ళు మనలోనే ఉన్నారు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల అనుభవాలను స్త్రీశక్తి సంఘటన సేకరించి 1986లో పుస్తకంగా తెచ్చింది. దాని పేరు "మనకు తెలియని మన చరిత్ర". ఆ పేరును నేను చాలాసార్లు ఉదహరించాను గానీ, అందులో ఖాళీ ఎక్కడుందో ఆలస్యంగా గమనించాను. చరిత్రలో ఖాళీ ఉందని ఆ పేరు చెప్పడం లేదు. తెలియనితనం మనది అంటున్నది. చాకలి ఐలమ్మకు తన చరిత్ర తెలుసు. పుస్తకం తెచ్చిన తరానికి తెలియదు. ఆ తెలియనితనాన్ని ఒప్పుకుంటూ వాళ్ళు అడగడం మొదలుపెట్టారు. చెప్పినవాళ్ళ మాట చెప్పినట్టే పుస్తకంలో నిలిచింది. పార్టీ గురించి, ఉద్యమం తర్వాత తమను ఇళ్ళకు పంపేయడం గురించి, అడిగినవాళ్ళు ఊహించని చేదు కూడా అందులోకి వచ్చింది. ప్రశ్న తెరిచి ఉంది కాబట్టే అది రాగలిగింది.

ఇంకా వెనక్కి వెళ్తే బెంగుళూరు నాగరత్నమ్మ ఉంది. ఆమె ఏ విశ్వవిద్యాలయానికీ ప్రతిపాదన ఇవ్వలేదు. ముద్దుపళని "రాధికా సాంత్వనము" అప్పటికే అచ్చయిన ప్రతి అసమగ్రమని గమనించి, రాతప్రతి సంపాదించి, పరిష్కరించి 1910లో వావిళ్ళ వారి ద్వారా ప్రచురింపజేసింది. ఆ కావ్యం రాసినామె, దాన్ని వెతికినామె ఇద్దరూ కళావంతుల కులంలో పుట్టినవాళ్ళు. శృంగారం మగకవులు రాస్తే తప్పులేదు గానీ స్త్రీ రాస్తే తప్పా అని నాగరత్నమ్మ వేసిన ప్రశ్న ఆమె సొంత బతుకులోంచి వచ్చింది. వీరేశలింగం గారంతటివారిని ఎదిరించి అడిగింది. ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. నిషేధం తొలగడానికి 1947 దాకా పట్టింది. ఆ ప్రశ్నకు ఆమె చెల్లించిన మూల్యం అది. నా ప్రశ్నకు నేనేం చెల్లించాను? నాకు ఫెలోషిప్పు వచ్చింది.

అలాగని ఎవరి బతుకుల్లోంచి వచ్చిన ప్రశ్నలు వాళ్ళే అడగాలని, మిగతావాళ్ళు నోరు మూసుకోవాలని నేననడం లేదు. 1993లో "నీలిమేఘాలు" వచ్చినప్పుడు తెలుగు స్త్రీల కవిత్వానికి ఒక వేదిక దొరికింది. పదేళ్ళకు, 2003లో, గోగు శ్యామల సంపాదకత్వంలో "నల్లపొద్దు" వచ్చి దళిత స్త్రీల సాహిత్యానికి ఎంత పొడవైన చరిత్ర ఉందో ముందు పెట్టింది. అప్పటిదాకా "స్త్రీలు" అని మనం రాసుకున్న మాటలో ఎవరున్నారు, ఎవరు లేరు అన్నది చర్చకొచ్చింది. 1998లోనే శర్మిలా రేగే, దళితేతర స్త్రీవాదులు దళిత స్త్రీల తరఫున మాట్లాడే బాధ్యత తీసుకోవడం కన్నా తమ ఆలోచనను తాము మార్చుకోవడం ముఖ్యమన్న అర్థంలో రాసింది. నాకు అందులో ఒక దారి కనపడుతుంది. గట్టు మీద ఉన్నవాళ్ళు కూడా అడగవచ్చు. కాకపోతే తాము గట్టు మీద ఉన్నామన్నది ప్రశ్నలో భాగం కావాలి. నా ప్రతిపాదనలో గట్టు ఒక తియ్యటి జ్ఞాపకంగా ఉంది. అది భూమి హద్దని ఎక్కడా లేదు.

*

సిద్ధాంత గ్రంథంలో ఆ పాట వేయలేదు. ఆరు నెలలు ఆ అధ్యాయం ముందుకు సాగలేదు. గైడ్‌కు విషయం చెబితే అర్థం చేసుకున్నారు గానీ, "పేర్లు మార్చి వేయొచ్చు కదా" అన్నారు. తప్పు సలహా ఏం కాదు. చాలామంది చేసేది అదే. ఇంటిపేరు మార్చినా ఆ ఊళ్ళో విన్నవాళ్ళకు పాట తెలుస్తుంది. మార్చినంత మాత్రాన ఆ కూతురు వినకూడని పాట కాకుండా పోదు.

పేర్లు దాచడమే ఎప్పుడూ సరైన పని అనుకున్నా పొరపాటే. అదే మునుంలో ఇంకొకామె, నలభై ఏళ్ళుంటాయి, తన పాటలు రాసుకోమని తనే వెంటపడింది. రాసుకున్నాక ఏం చేస్తావని అడిగింది. "జానపద గేయాలు అని పుస్తకంలో వేస్తాం" అన్నాను. "నా పేరు వేస్తవా?" అంది. జానపద గేయానికి కర్త ఉండడని, అది సమష్టి సృష్టి అని నేను చదువుకున్న పాఠం చెప్పాను. "గీ నాలుగు సరణాలు నేనే కట్టిన. సమష్టి ఎవలు?" అంది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. తెలుగులో జానపద గేయాల మీద 1950లలో బిరుదురాజు రామరాజు గారి పిహెచ్.డి.తో మొదలైన సంప్రదాయం ఎంతో విలువైనది. ఆ సేకరణలే లేకపోతే మనకు ఏ పాటా మిగిలేది కాదు. అయినా "అజ్ఞాత కర్తృకం" అనే ముద్ర కింద ఎంతమంది కవయిత్రులు పేరు లేకుండా పోయారో ఆలోచించాలి. భండారు అచ్చమాంబ కథలు 1902లో అచ్చయ్యాయి కాబట్టి, 1910 నాటి "దిద్దుబాటు" కంటే ముందని వాదించి ఆమెకు దక్కవలసిన స్థానం అడగగలిగాం. అచ్చులోకి రానివాళ్ళ తరఫున ఏ తేదీ చూపిస్తాం?

ఒకామె తన పేరు వేయమంది. ఒకామె పాటే వేయొద్దంది. రెండూ ఒకే మునుంలో విన్నాను. దీనికి ముందే రాసిపెట్టుకోగలిగిన నియమం ఏదీ లేదు. అందరి దగ్గరా సమ్మతి పత్రం మీద సంతకమో వేలిముద్రో తీసుకుంటే సరిపోతుందనుకున్నాను గానీ, అవ్వ దాన్నీ నిలదీసింది. "పాడినంక గదా ఏం పాడిన్నో తెలిసేది. ముందుగాల్నే ఎట్ల ఒప్పుకుంట?" భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల్లో, పరిశోధనలో పాల్గొనేవారు ఎప్పుడైనా తమ సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చని ఉంది. రక్తం నమూనా ఇచ్చినవాళ్ళకు ఉన్న ఈ హక్కు, పాట ఇచ్చినవాళ్ళకు కూడా ఉండాలని మా విభాగంలో ఎవరమూ అనుకోలేదు.

ఇన్ని భయాలు పెట్టుకుంటే ఎవరు పరిశోధన చేస్తారని ఒక మిత్రురాలు అడిగింది. ఆమె ప్రశ్నలో న్యాయముంది. అడగకపోవడం కూడా నిర్దోషమైన పని కాదు. గుత్త పని ఇంకా పెరిగింది. ఈమధ్య మా వైపు బీహార్ నుంచి, బెంగాల్ నుంచి వచ్చిన మగ కూలీలు నాట్లు వేస్తున్నారు. ఆ మునుంలే లేకుండా పోతున్నాయి. నేను అడగకపోతే అవ్వ చెప్పిన కూలీ లెక్క, పొద్దు లెక్క ఎక్కడా నమోదయ్యేది కాదు. పరిశోధన మానుకోవడం దీనికి జవాబు కాదు. అడిగినప్పుడు మన ప్రశ్న మారిపోవడానికి సిద్ధపడి అడగాలి. చివరికి నా సిద్ధాంత గ్రంథం నాటు పాటల గురించి కాకుండా, పాట ఆగిపోవడం గురించి తయారైంది. ఆ ప్రశ్న అవ్వది. గ్రంథం మొదట్లో ఆ సంగతి రాశాను. పాటలు కట్టినామె పేరు కర్తగా వేశాను.

*

ఇది ఇక్కడితో ముగిసి ఉంటే ఈ వ్యాసం రాసేదాన్ని కాదు.

పోయిన సంవత్సరం ఒక అమ్మాయి తన ప్రతిపాదన చూసిపెట్టమని వచ్చింది. ఎం.ఏ. అయిపోవస్తోంది. 2022 నవంబరులో యు.జి.సి. కొత్త నిబంధనలు వచ్చాక ఎం.ఫిల్. లేదు. మా రోజుల్లో ఒక ప్రశ్న వేసి, తప్పని తెలుసుకుని, మరో ప్రశ్నతో పిహెచ్.డి.కి పోవడానికి ఎం.ఫిల్. కాలం కొంత వెసులుబాటు ఇచ్చేది. ఇప్పుడు ఇరవై రెండేళ్ళ పిల్ల నేరుగా పిహెచ్.డి. ప్రతిపాదన రాయాలి. ఎలా రాయాలో చెప్పేవాళ్ళు లేక సీనియర్ల సినాప్సిస్‌ల జిరాక్సులు సంపాదించుకుంటారు. ఈ అమ్మాయి కూడా అట్లాగే రాసుకొచ్చింది. శ్రామిక స్త్రీల మౌఖిక సాహిత్యం. మూడో పేజీలో "సమగ్రమైన పరిశోధన జరగలేదు." ఐదో పేజీలో కోడలి పాట. కింద "తెలంగాణలో ప్రచారంలో ఉన్న జానపద గేయం" అని ఉంది.

ఇంటిపేరుతో సహా ఉంది.

గ్రంథంలోంచి తీసేశాను గానీ ప్రతిపాదన గురించి నేను ఆలోచించనే లేదు. అది విభాగంలో ఫైల్లో ఉంది. బాగుందన్న పేరు రావడంతో నమూనాగా చేతులు మారింది. సిద్ధాంత గ్రంథాలను భద్రపరిచే జాతీయ భాండారానికి శోధ్‌గంగ అని పేరు. ప్రతిపాదనల కోసం ఉన్నదానికి శోధ్‌గంగోత్రి. నది పుట్టే చోటని ఆలోచించే పెట్టి ఉంటారు. పుట్టిన చోట కలిసింది కిందిదాకా వస్తుంది.

ఆ అమ్మాయికి అంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఈ పాట తీసేస్తే నా ప్రపోజల్లో ఇంకేం ఉంది మేడం?" అంది. పదేళ్ళ కింద నా భయమూ అదే. నాకు తెలిసిన నాలుగు మాటలు చెప్పాను. "పరిశోధన జరగలేదు" అన్నచోట "ఈ విషయం నాకు తెలియదు, ఫలానావాళ్ళకు తెలుసు" అని రాసి చూడమన్నాను. ఎక్కడ నిలబడి అడుగుతున్నదో, తన ఇంటికీ వాళ్ళకూ మధ్య ఏ సంబంధం ఉందో రాయమన్నాను. ఎవరైనా వద్దంటే ఏం వదులుకుంటుందో ముందే అనుకోమన్నాను. కమిటీకి ఇచ్చే ముందు, ఎవరి గురించి రాస్తున్నదో వాళ్ళకు చదివి వినిపించమన్నాను. "ఇవన్నీ రాస్తే సీటిస్తారా?" అంది. ఇస్తారని నేను హామీ ఇవ్వలేకపోయాను. ఇప్పటి చట్రంలో వీటికి గడి లేదు. ఆ గడి పెట్టించడం ఇప్పుడు విభాగాల్లో ఉన్న మనలాంటివాళ్ళ పని.

ఈ వానకాలం ఊరికి పోయి అవ్వతో కూడా చెప్పాను. ఆమె ఇప్పుడు నాట్లకు పోవడం లేదు. మోకాళ్ళు పట్టేశాయి. పాట ఎలా బయటికి పోయిందో, నేను తీసేశాననుకున్నది ఎలా మిగిలిపోయిందో అంతా విన్నది. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు.

"ఇప్పుడు చెప్తున్నవా?" అంది. కాసేపాగి, "ఆ పిల్లకు చెప్పినవా?" అని అడిగింది.

ఏ పిల్లని నేను అడగలేదు. చనిపోయినామె కూతురు గురించే అడుగుతోందని తెలుసు. చెప్పలేదు. ఏమని చెప్పాలో, చెప్పడం వల్ల నా మనసు తేలికపడుతుందేమో గానీ ఆమెకు ఏం ఒరుగుతుందో, చెప్పకుండా ఉండే హక్కు నాకుందో లేదో ఇంకా తేల్చుకోలేకుండా ఉన్నాను. నేను మళ్ళీ ప్రతిపాదన రాయవలసి వస్తే మొదటి పేజీలో రాయగలిగే నిజమైన ప్రశ్న ఇదొక్కటే.